అంబాసిడర్‌కి ముందు డిస్కులు పెట్టించాక చక్రాలు పట్టేస్తున్నాయా? క్యాలిపర్లు కొనే ముందు ఇవి చూడండి

కొత్త క్యాలిపర్ల జత కొనకండి. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ వారంలోనే డబ్బు కట్టేస్తానని రాశారు. రెండో మాట, ఇది సరయ్యేదాకా బండి వీధి చివరకి కూడా తీయకండి. వచ్చే నెల శ్రీశైలం ప్రయాణం సంగతి తర్వాత చూద్దాం.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1984 మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉన్న బండి. చివరి రోజుల్లో వచ్చిన ఒక అంబాసిడర్ స్క్రాప్‌కి పోతే దాని ముందు హబ్బులు, డిస్కులు, ఆ డిస్కుల్ని ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్లు తెచ్చి పెట్టించారు. వేరే కారు బూస్టరూ (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచేది), దానితో వచ్చిన టాండెమ్ మాస్టర్ సిలిండరూ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని రెండు దారుల్లో చక్రాలకి తోసేది) బిగించారు. వెనక డ్రమ్ములు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మూడు బాధలు. మొదటిసారి తొక్కితే పెడల్ సగానికి పైగా కిందికి పోతుంది, రెండోసారి తొక్కితే కొంచెం పైకి వస్తుంది కానీ మెత్తగా ఉంటుంది, బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని (ఎయిర్) నాలుగుసార్లు తీసినా అంతే. ఎనిమిది పది కిలోమీటర్లు తిరిగాక ముందు చక్రాలు రెండూ పట్టేస్తాయి, అరగంట ఆపితే వాటంతట అవే వదులుతాయి. బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతుంది. మీ మెకానిక్ క్యాలిపర్లు రెండూ పోయాయి, జత మార్చాలి అంటున్నాడు.

మూడు బాధలూ ఒకచోట నుంచి రావడం లేదు. మొదటిదీ మూడోదీ ఒక కారణం, మధ్యలోది వేరే కారణం. రెండిట్లోనూ క్యాలిపర్ పోయినట్టు నాకు ఎక్కడా కనిపించలేదు.

ముందు మీరు పెట్టిన ఫొటోల దగ్గరికి వద్దాం. ఎడమ చక్రం ఫొటోలో ఎయిర్ తీసే నిపుల్ క్యాలిపర్‌కి పైన ఉంది, హోస్ పైపు దానికి కింద ఉంది. అలాగే ఉండాలి. కుడి చక్రం ఫొటో పెద్దది చేసి చూడండి. నిపుల్ కింద ఉంది, హోస్ పైన ఉంది. అంటే మీకు వచ్చిన రెండూ ఎడమవైపు క్యాలిపర్లే. స్క్రాప్ సెట్లు ఏరి తెచ్చేటప్పుడు ఇది చాలా మామూలుగా జరిగే పొరపాటు, ఎందుకంటే ఎడమది కుడివైపు కూడా చక్కగా బోల్టుల్లో కూర్చుంటుంది, చూడటానికి తేడా తెలియదు. కానీ గాలి ఎప్పుడూ ఆయిల్ పైకి చేరుతుంది. నిపుల్ కింద ఉంటే మీరు ఎన్ని సీసాల ఆయిల్ పోసినా పిస్టన్ వెనక పైభాగంలో ఉన్న గాలి బుడగ అక్కడే కూర్చుంటుంది, కింద నుంచి శుభ్రమైన ఆయిలే వస్తుంది, చూసేవాళ్లకి ఎయిర్ అంతా పోయిందనిపిస్తుంది. నాలుగుసార్లు తీసినా పెడల్ మెత్తగా ఉండటానికి అదీ కారణం. కుడివైపు గాలి ఉంటే అటు బ్రేకు ఆలస్యంగా, తక్కువగా పడుతుంది, ఎడమవైపు ముందే గట్టిగా పడుతుంది, బండి ఎడమకి లాగుతుంది. మీరు చెప్పిన దానికి అచ్చంగా సరిపోతోంది.

దీన్ని ఇవాళే పైసా ఖర్చు లేకుండా నిర్ధారించుకోవచ్చు. కుడి క్యాలిపర్ బోల్టులు విప్పి, హోస్ మీద బరువు పడకుండా చేత్తో పట్టుకుని నిపుల్ పైకి వచ్చేలా తిప్పండి. ప్యాడ్ల మధ్య డిస్క్ మందం ఉన్న చెక్కముక్క పెట్టండి, లేకపోతే తొక్కగానే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. ఆ స్థితిలో ఎయిర్ తీయించండి. బుడగలు బుడబుడమని వస్తాయి, చూస్తారు. తర్వాత మళ్లీ బిగించి పెడల్ తొక్కి చూడండి. గట్టిపడితే విషయం తేలిపోయినట్టే. ఇది పరీక్ష కోసమే, బండి ఇలా వాడుకోవడానికి కాదు. ఎప్పుడు ఎయిర్ తీయాల్సి వచ్చినా క్యాలిపర్ విప్పాలి, పైగా హోస్ తిరగబడి లోపలి గార్డుకి రాసుకునే ప్రమాదం ఉంది. కుడివైపుది ఒక్కటి వెతికి తెచ్చుకోండి. మీరు విజయవాడకి దగ్గరే అన్నారు కాబట్టి ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే దొరికే వస్తువే. తెచ్చేటప్పుడు పాత ఎడమది చేతిలో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ అద్దంలో ఒకదాని ప్రతిబింబం ఒకటిలా ఉండాలి, పిస్టన్ సైజు కూడా ఒకటే ఉండాలి.

పెడల్ గురించి ఇంకొక్క మాట, ఎందుకంటే క్యాలిపర్ మార్చాక కూడా కొంత లోతుగా వెళ్లే అవకాశం ఉంది. పెడల్ ఎలా ప్రవర్తిస్తోందో కాలు చెబుతుంది, దాన్ని నమ్మాలి. రెండుమూడుసార్లు పంపింగ్ చేశాక కూడా స్పంజిలా ఉంటే గాలి, లేదా ఉబ్బుతున్న పాత హోస్. పంపింగ్ చేయగానే పైకి వచ్చి రాయిలా నిలబడి, కాసేపు వదిలేసి తొక్కితే మళ్లీ లోతుకి పోతే అది గాలి కాదు, ఎక్కడో సందు ఎక్కువ ఉంది. పైకి వచ్చిన పెడల్ మీద కాలు అలాగే ఉంచితే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు కప్పులు ఆయిల్‌ని పట్టలేకపోతున్నాయి, లేదా బయట ఎక్కడో కారుతోంది.

సందు అన్నాను కదా, ముందు డిస్కులు పెట్టినవాళ్లు చాలామంది వెనక డ్రమ్ముల్ని మర్చిపోతారు. డిస్క్ ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌ని ఆనుకునే ఉంటుంది, మిల్లీమీటర్‌లో చిన్న భాగమే కదులుతుంది. డ్రమ్ములో షూ (లోపలి నుంచి డ్రమ్ముని ఒత్తే వంపు ముక్క) చాలా దూరం నడవాలి. వెనక షూల మీది లైనర్లు అరిగి అడ్జస్ట్‌మెంట్ వదులుగా ఉంటే పెడల్ ప్రయాణంలో పెద్ద వాటా ఆ షూలని డ్రమ్ము దాకా తోయడానికే పోతుంది. చక్రం జాకీ మీద లేపి, తిప్పితే సన్నగా రాసుకునే శబ్దం వచ్చేదాకా అడ్జస్టర్ బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంతవరకు మాత్రమే వెనక్కి వదలండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ముందే వదులు చేసి ఈ పని చేయాలి, తర్వాత చివరలో కేబుల్ సరిచేయాలి. చాలామంది తలకిందులుగా చేస్తారు, కేబుల్ బిగించి బ్రేకు అడ్జస్ట్ అయిందనుకుంటారు. ఇంకొకటి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ము విప్పగానే ఎయిర్ గన్‌తో దుమ్ము ఊదించకండి. తడిగుడ్డతో తుడవండి. మా తరం మెకానిక్కులం ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చాం, మీ దగ్గర పనిచేసే కుర్రాడికి అది వద్దు.

ముందు వీల్ బేరింగ్ కూడా చూడండి. డ్రమ్ము ఉన్నప్పుడు బేరింగ్‌లో కొంచెం ప్లే ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. డిస్క్‌కి అలా కుదరదు. మలుపు తిరిగినప్పుడు, గుంతల్లో పడినప్పుడు హబ్బు ఊగితే డిస్క్ ప్యాడ్లని వెనక్కి తోసేస్తుంది, ఆ తర్వాత మొదటి బ్రేకు లోతుకి పోతుంది. తిన్నని రోడ్డు మీద బాగుండి, మలుపు దాటాక మాత్రం పెడల్ పడిపోతోందంటే ఇదే అనుకోండి. డిస్క్ బిగించే ముందు హబ్బు ముఖం మీద తుప్పు గీకి శుభ్రం చేశారో లేదో అడగండి. అక్కడ చిన్న తుప్పు పొర ఉన్నా అంచు దగ్గరికి వచ్చేసరికి అది పెద్ద ఊపు అవుతుంది. డయల్ గేజ్ (సన్నని ఊపుని కొలిచే సాధనం) పెట్టి చూస్తే అంచు దగ్గర ఆ ఊపు 0.1 మిల్లీమీటర్‌కి మించకూడదు. గేజ్ లేథ్ షాపులో దొరుకుతుంది, అరగంటకి అడిగి తెచ్చుకోండి.

ఇక అసలైన ప్రమాదం, చక్రాలు పట్టేయడం.

వేడెక్కాక పట్టేసి, చల్లారాక వదులుతోంది అన్నారు. ఈ ఒక్క మాటే నాకు చాలా చెప్పింది. పిస్టన్ తుప్పు పట్టి ఇరుక్కుంటే చల్లారినంత మాత్రాన వదలదు. అదీకాక ఎడమ, కుడి రెండూ ఒకేసారి ఒకేలా ఇరుక్కోవు. రెండు ముందు చక్రాలూ కలిసి పట్టేస్తున్నాయంటే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న చోట చూడాలి, అంటే మాస్టర్ సిలిండర్ దగ్గర.

మాస్టర్ సిలిండర్ లోపల, పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆగే చోట కప్పుకి సరిగ్గా ముందు ఒక సన్నని రంధ్రం ఉంటుంది, గుండుసూది దూరేంత. ఆ రంధ్రం ద్వారా లైన్లలోని ఆయిల్ పైన డబ్బాతో కలిసి ఉంటుంది. బ్రేకు వేడికి ఆయిల్ వ్యాకోచిస్తే ఎక్కువైనది ఆ రంధ్రం గుండా డబ్బాలోకి వెళ్లిపోవాలి. బూస్టర్ నుంచి వచ్చే రాడ్ ఒక్క మిల్లీమీటర్ పొడుగున్నా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కప్పు ఆ రంధ్రాన్ని మూసి కూర్చుంటుంది. అప్పుడు లైన్లలో ఆయిల్‌కి దారి లేదు. రెండు బ్రేకులు వేయగానే వేడి, వేడికి వ్యాకోచం, దానికి ప్యాడ్లు ఇంకా ఒత్తుకోవడం, దానితో మరింత వేడి. మీరు కాలు తీసేసినా బండి తనకి తానే బ్రేకు వేసుకుంటూ పోతుంది. ఆగాక అరగంటకి ఆయిల్ చల్లారి కుంచించుకుంటే వదిలేస్తుంది. ఒక కారు బూస్టర్, ఇంకో కారు పెడల్ కలిపినప్పుడు ఇది రాకుండా ఉండటమే తక్కువ.

అయినా నా మాట మీద నమ్మకంతో ఏదీ విప్పకండి, బండినే అడగండి. పట్టేసేదాకా మీ ఇంటి ఆవరణలోనే ముందుకీ వెనక్కీ నడిపి, చదునైన చోట ఆపి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు జాకీ లేపి స్టాండ్ల మీద దించండి. ఉత్త జాకీ మీద వద్దు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి బూస్టర్‌లో వాక్యూమ్ ఖాళీ చేయండి. చక్రం చేత్తో తిప్పి చూడండి, గట్టిగా ఉంటుంది. ఇప్పుడు పై నుంచి కిందికి ఒక్కొక్క చోట వదులు చేస్తూ రావాలి. మొదట మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచిన రెండు నట్లు మూడు నాలుగు మిల్లీమీటర్లు వదులు చేసి, సిలిండర్‌ని ముందుకి లాగండి. చక్రం తిరిగిందా, దోషం రాడ్‌దే, ఇక వెతకక్కర్లేదు. తిరగకపోతే మాస్టర్ నుంచి ముందు చక్రాలకి వెళ్లే పైపు నట్టు, అక్కడ గుడ్డ చుట్టి, కళ్లజోడు పెట్టుకుని, పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే మాస్టర్ లోపల ఆయిల్‌ని పట్టి ఉంచే వాల్వ్ ఉంది, దాని సంగతి కింద చెబుతాను. అప్పటికీ వదలకపోతే చక్రం దగ్గర నిపుల్ తెరవండి. అప్పుడు వదిలితే మధ్యలో హోస్ లోపల మూసుకుపోయింది. పాత హోస్ బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి రబ్బరు పొర లేచి తలుపులా పనిచేస్తుంది, ఆయిల్‌ని వెళ్లనిస్తుంది, రానివ్వదు. నిపుల్ తెరిచినా చక్రం తిరగకపోతేనే క్యాలిపర్ దోషం, అందులోనూ ముందు క్యాలిపర్ జారే స్లైడ్ పిన్నులు గ్రీజు ఆరిపోయాయేమో చూడాలి, పిస్టన్ సంగతి ఆ తర్వాతే.

ఈ వరసలో చేస్తే పావుగంటలో తేలుతుంది, ఏ దశలో చక్రం వదిలిందో అదే జవాబు. వరస మార్చి ముందే నిపుల్ తెరిచేస్తే ఒత్తిడి మొత్తం పోయి చక్రం వదిలేస్తుంది, ఎక్కడ ఆగిందో తెలియదు, క్యాలిపర్ దగ్గర వదిలింది కాబట్టి క్యాలిపరే అనుకుంటాం. మీ మెకానిక్ అక్కడే పొరబడి ఉంటాడని నా అనుమానం.

రాడ్ దోషమని తేలితే సరిచేయడం సులువే. ముందు పెడల్ దగ్గర చూడండి, పెడల్ పూర్తిగా వెనక్కి వచ్చి తన స్టాపర్‌ని ఆనుకుంటోందా లేదా. కొత్తగా బ్రేక్ లైట్ స్విచ్ పెడల్ దగ్గర బిగించి ఉంటే అది మరీ ముందుకి వచ్చి పెడల్‌ని కొంచెం తొక్కి పట్టి ఉంచవచ్చు. ఇంత చిన్న స్విచ్ వల్ల రెండు చక్రాలు కాలిపోయిన బండి నేను చూశాను. తర్వాత బూస్టర్ రాడ్ కొలత. మా ఇంట్లో చపాతీ పిండి చిన్న ఉండ తీసుకుని, పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాడ్ కొన మీద పెట్టి, మాస్టర్ సిలిండర్ బిగించి మళ్లీ విప్పి చూస్తాను. మధ్యలో నలిగి ఎంత మందం మిగిలిందో అదే మీ సందు. అర మిల్లీమీటర్ నుంచి ఒక మిల్లీమీటర్ లోపు ఉంటే మంచిది. ఉండ మొత్తం చీలిపోయి రాడ్ కొన కనిపిస్తే సందు లేదు. రాడ్ చివర తిప్పే నట్టు ఉంటే పొట్టి చేయండి, లేకపోతే లేథ్‌లో కొలిచి తీయించాలి. మాస్టర్‌కీ బూస్టర్‌కీ మధ్య వాషర్లు పెట్టి సర్దకండి. కొన్ని బండ్లలో ఆ కీలు నుంచే వాక్యూమ్ లీకవుతుంది, పైగా నట్లకి పట్టు తగ్గుతుంది.

సరైందో లేదో చూడటానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఒకటుంది. డబ్బా మూత తీసి, టార్చి వేసి లోపలికి చూస్తూ, పక్కవాళ్లని పెడల్ వేలితో ఒత్తినంత మెల్లగా ఒత్తమనండి. మొదటి కదలికకే ఆయిల్ అడుగు నుంచి చిన్న ఊట లేస్తుంది, చెలమలో నీరు ఉబికినట్టు. అంతలోనే ఆగిపోతుంది. ఆ ఊట కనిపిస్తే రంధ్రం తెరుచుకునే ఉంది, కప్పు దాన్ని దాటేముందు కొంచెం ఆయిల్ పైకి తోసింది. ఏమీ కదలకపోతే రంధ్రం మూసుకుని ఉంది. ముఖం మరీ దగ్గర పెట్టకండి, గట్టిగా తొక్కితే కళ్లలోకి చిమ్ముతుంది.

ఇప్పుడు ఆ వాల్వ్ సంగతి. డ్రమ్ బ్రేకుల కోసం చేసిన మాస్టర్ సిలిండర్ బయటి దారిలో ఒక చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది. కాలు తీశాక కూడా లైనులో సుమారు 10 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే కొలతే) ఒత్తిడి ఆపి ఉంచుతుంది. డ్రమ్ములో షూలని బలమైన స్ప్రింగులు లాగి ఉంచుతాయి కాబట్టి ఆ ఒత్తిడికి షూలు కదలవు, కానీ వీల్ సిలిండర్ కప్పుల పెదాలు గోడకి ఒత్తుకుని ఉంటాయి, గాలి లోపలికి పీల్చుకోదు. అదే ఒత్తిడి డిస్క్ లైనులో ఉంటే నష్టం. క్యాలిపర్‌లో స్ప్రింగ్ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న చదరపు రబ్బరు సీలు కొంచెం మెలితిరిగి, కాలు తీయగానే తిరిగి సర్దుకుంటూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది, అంతే. 10 పీఎస్ఐ దాన్ని వెనక్కి రానివ్వదు. ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉన్న కారు టాండెమ్ సిలిండర్‌లో ఈ వాల్వ్ ఉంటే ఒక దారిలోనే, వెనక వైపు వెళ్లే దానిలోనే ఉంటుంది. మీ దగ్గర పైపులు రెండూ తారుమారు కాలేదు కదా? డబ్బా రెండు గదుల్లో ఏది పెద్దది, ఆ కారు మీద ఏ పైపు ఎటు వెళ్లేది, ఆ మోడల్ నడిపేవాళ్లని ఎవరినైనా అడిగి బానెట్ ఎత్తించి చూసి రండి. ఇది ఊహించి బిగించే విషయం కాదు.

మీ మాస్టర్ ఫుట్‌బోర్డు కింద, క్యాలిపర్ల కంటే పల్లంలో ఉంటే మాత్రం అస్సలు వాల్వ్ లేకపోయినా కష్టమే. ఆయిల్ మెల్లగా వెనక్కి జారి ఉదయం మొదటి బ్రేకు ఖాళీగా పోతుంది. అలాంటి బండికి డిస్క్ లైనులో 2 పీఎస్ఐ వాల్వ్ విడిగా దొరుకుతుంది, అది పెట్టాలి.

మాస్టర్ సైజు గురించి అందరూ ఒకటే సలహా ఇస్తారు, పెద్దది పెట్టు అని. లెక్క చూసి పెట్టండి. ముప్పావు అంగుళం బోరు (లోపలి వ్యాసం) ఉన్నది తీసి ఏడు బై ఎనిమిది అంగుళం పెడితే అదే ప్రయాణానికి 36 శాతం ఎక్కువ ఆయిల్ వెళ్తుంది, పెడల్ పొట్టిగా అవుతుంది. కానీ అదే కాలి బలానికి లైనులో ఒత్తిడి 26 శాతం పైగా తగ్గుతుంది. డ్రమ్ములో తిరిగే డ్రమ్మే షూని లోపలికి లాక్కుని బ్రేకుకి సాయం చేస్తుంది. డిస్క్‌లో ఆ సాయం లేదు, మొత్తం ఒత్తిడి మీదే ఆధారం. బూస్టర్ లేకుండా పెద్ద మాస్టర్ పెడితే పెడల్ గట్టిగా, పొట్టిగా, చాలా బాగున్నట్టు అనిపించి బండి మాత్రం ఆగదు. మీకు బూస్టర్ ఉంది కాబట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఇంజన్ ఆపి ఐదుసార్లు తొక్కి, కాలు పెడల్ మీద ఉంచే స్టార్ట్ చేయండి. కాలు కింద పెడల్ కొంచెం దిగాలి. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీ ఇంజన్ మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కి చాలినంత వాక్యూమ్ రాదు, పంపు విడిగా ఉండాలి. అది లేకుండా బూస్టర్ పెట్టించుకోకండి.

పైపు నట్ల గురించి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఇది నేను రాసినదంతటిలో ప్రాణాలకి సంబంధించిన విషయం. అంబాసిడర్ బ్రిటిష్ పుట్టుక బండి, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. దాని బ్రేకు పైపు నట్లు అంగుళాల లెక్క, 3/8 యూఎన్ఎఫ్ (సన్న మరల అంగుళాల కొలత), అంగుళానికి 24 మరలు. ఈ కాలపు మాస్టర్ సిలిండర్లు మెట్రిక్, 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటర్ మర. మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. పాత నట్టు కొత్త రంధ్రంలో హాయిగా దిగుతుంది, చివర బిగువు కూడా వస్తుంది, కారదు కూడా. కానీ మరల అంచులు మాత్రమే పట్టుకుని ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట నా చేతులతో బిగించిన బండి ఇలాగే షెడ్డులో నిలబడి ఉండగా గట్టిగా తొక్కేసరికి నట్టు మరలు కోసుకుని ఊడి వచ్చింది. పెడల్ నేలకి అంటుకుపోయింది. ఆ కుటుంబం మర్నాడు అదే బండిలో తిరుమల వెళ్లాల్సింది. ఆ రోజు నుంచి నట్టు చేత్తో తిప్పి, ఊపి చూడకుండా పానా వేయలేదు. చివరి రెండు చుట్ల ముందు నట్టు రంధ్రంలో అటూఇటూ ఊగుతోందంటే అది ఆ రంధ్రానిది కాదు. పాత పైపు చివర కోసి, సరైన మెట్రిక్ నట్టు ఎక్కించి, మళ్లీ ఫ్లేర్ చేయించాలి, అంటే పైపు మూతి వెడల్పు చేయించాలి. ఫ్లేర్ ఆకారం కూడా ఆ రంధ్రం అడుగు ఎలా ఉందో దాన్ని బట్టే ఉండాలి. ఫ్రిజ్ పనులకి వాడే మెత్తటి రాగి పైపు బ్రేకులకి పెట్టనివ్వకండి. కుదుపులకి అలసి విరుగుతుంది.

ఆయిల్ విషయం. మన దగ్గర అందరం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది మనం అనుకునే ఆయిల్ కాదు. ఇంజన్ ఆయిల్, గ్రీజు, డీజిల్, కిరోసిన్ ఏది తగిలినా బ్రేకు రబ్బర్లు ఉబ్బిపోతాయి. స్క్రాప్ నుంచి తెచ్చిన క్యాలిపర్లని మీ మెకానిక్ పెట్రోల్‌తో కడిగి ఉంటే సీళ్లు ఒకసారి తీసి చూడండి. ఉబ్బి మెత్తబడితే సీల్ కిట్ మార్చాలి, లోపల బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోయండి. తాజాగా ఉన్నప్పుడు దాని మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు, డాట్ 3 అయితే 205. తేమ పీల్చాక ఇవి 155కీ 140కీ పడిపోతాయి. సగం వాడి మూత సరిగా పెట్టని సీసా అందుకే వద్దు. మీ చక్రాలు ఇప్పటికే చాలాసార్లు కాలాయి కాబట్టి లైనులో ఉన్న ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది నింపండి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

క్యాలిపర్ మార్చాక కూడా కొంచెం ఎడమకి లాగితే టైర్లలో గాలి, ఆ తర్వాత ప్యాడ్ల మీద గ్రీజు మరక, ఆ తర్వాత కింగ్‌పిన్లు (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు), బుష్‌లు చూడండి. ముందు బ్రేకు బలం పెరిగితే నలభై ఏళ్ల సస్పెన్షన్‌లో దాగిన అరుగుదల అంతా బయటపడుతుంది.

మొదటి పరీక్ష ఖాళీ రోడ్డు మీద, మీరు ఒక్కరే, ముప్పై వేగంలో మొదలుపెట్టండి. పొడి రోడ్డు మీద క్రమంగా గట్టిగా తొక్కుతూ ఏ చక్రం ముందు జారుతుందో బయట నుంచి ఒకరు చూడాలి. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే (తిరగకుండా ఆగి జారితే) బండి వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది, వెనక లైనులో ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టేదాకా రోడ్డెక్కకండి. ఇరవై కిలోమీటర్లు తిరిగి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు. ముందు రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. ఇది వారం రోజులు నిలకడగా ఉంటేనే దోర్నాల ఘాట్ గురించి ఆలోచించండి, దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి.

ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మార్పు గురించి రాసి ఇవ్వండి, ఆర్టీఏ దగ్గర కూడా అడగండి. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే ఉంది.

ముందు కుడి క్యాలిపర్ తిప్పి ఎయిర్ తీసే పరీక్ష, తర్వాత నట్లు వదులు చేసే పరీక్ష, ఈ రెండూ చేసి ఏ నట్టు దగ్గర చక్రం వదిలిందో రాయండి. పైపులు బిగించిన మాస్టర్ సిలిండర్ ఫొటో పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి పెట్టండి. అది ఏ కారుదో కూడా చెప్పండి.